ఓడిన ఏడాది

గెలిచిన జట్టును పొగడటానికి అందరూ ముందుకొస్తారు. ఓడిన జట్టుకు పాయింట్ల పట్టికలో అట్టడుగు వరుస, మర్నాటి పేపర్లో నాలుగు ముక్కల వార్త, అంతే మిగిలేది. తెలుగు టైటన్స్ కబడ్డీ జట్టును ఆ అట్టడుగు వరుస ఒక్క ఏడాదితో వదల్లేదు. 2021-22లో జరిగిన ప్రో కబడ్డీ ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి 1 గెలిచింది. 2022 తొమ్మిదో సీజన్‌లో 22కు 2. 2023-24 పదో సీజన్‌లో మళ్లీ 22కు 2. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లు, 5 గెలుపులు. మూడుసార్లూ చివరి స్థానమే.

ఇదేమీ నిన్నగాక మొన్న పుట్టిన జట్టు కాదు. 2014లో లీగ్ మొదలైనప్పుడు ఉన్న 8 జట్లలో ఒకటి. రాహుల్ చౌదరి కూతకు బయల్దేరితే ఎదుటి జట్టువాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకుని వెనక్కి జరిగిన రోజులు మనం చూశాం. 2015లో ఈ జట్టు మూడో స్థానంలో నిలిచింది. 2016 నాలుగో సీజన్‌లో సెమీఫైనల్ ఆడింది. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా దిగి అడుగుకు చేరింది. దిగుతున్నప్పుడు ఎవరికీ అంతగా పట్టలేదు. అడుగుకు చేరాకే అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు.

టైటన్స్‌కు సొంతగడ్డ అంటే హైదరాబాదులోని గచ్చిబౌలి, కాదంటే విశాఖపట్నం. గుంటూరులో గానీ ఒంగోలులో గానీ ప్రో కబడ్డీ మ్యాచ్ ఒక్కటీ జరగలేదు. అయినా ఈ జట్టు ఓటములను పూసగుచ్చినట్టు చెప్పగలిగేవాళ్లు ఈ నల్లరేగడి ఊళ్లలో ఎంతోమంది. చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు, అద్దంకి, దర్శి వైపు పాత తరంలో చెడుగుడు ఆడని మగవాడు అరుదు. లీగ్ డిసెంబరులో మొదలై ఫిబ్రవరి దాకా సాగిన సీజన్లలో ఇక్కడ పత్తి తీతలు, మిరప పూత ఒకేసారి నడిచేవి. చివరి మ్యాచ్‌లు వచ్చేసరికి మొదటి కోత కాయ కల్లంలో పడేది.

కల్లం కావలి అంటే తెలిసిందే. పగలంతా ఎండబెట్టిన కాయను సాయంత్రానికి కుప్ప చేసి, మంచు పడకుండా పట్టా కప్పి, పక్కన మంచం వేసుకోవాలి. రాత్రి ఎనిమిదింటికి ఒక మ్యాచ్, తొమ్మిదింటికి ఇంకొకటి. సెల్‌ఫోను నీళ్ల క్యానుకు ఆనించి, దుప్పట్లు కప్పుకుని ముగ్గురు నలుగురు చేరతారు. "ఇవాళన్నా గెలుస్తారంటావా బాబాయ్?" "మొదటి సగం చూసి చెబుతాలే అబ్బాయ్." మొదటి సగం అయ్యేసరికి జట్టు ఒకసారి ఆలౌటై ఉంటుంది. బాబాయి ఫోను బోర్లించి బీడీ ముట్టిస్తాడు. అది సగం కాలకముందే మళ్లీ తిప్పుతాడు. 66 మ్యాచ్‌ల్లో 5 గెలిచిన జట్టు కోసం ఆ ఫోను తిప్పే చేయి ఉంది చూశారా, ఏ యాజమాన్యమైనా డబ్బు పెట్టి కొనలేనిది అదొక్కటే.

ఎనిమిదో సీజన్ 2021 డిసెంబరు 22న మొదలైంది. కరోనా మూలంగా మ్యాచ్‌లన్నీ బెంగళూరులో ఒక్కచోటే పెట్టారు. గ్యాలరీల్లో జనం లేరు. సిద్ధార్థ్ దేశాయ్ లాంటి బలమైన రైడర్ మొదట్లోనే గాయపడ్డాడు. పదో మ్యాచ్ దాటినా టైటన్స్‌కు ఒక్క గెలుపు దొరకలేదు. జనవరిలో జైపూర్ మీద 1 పాయింటు తేడాతో గట్టెక్కింది. ఆ సీజన్ మొత్తానికి అదొక్కటే. 4 మ్యాచ్‌లు టై, 17 ఓటములు. ఆ టైలను తలుచుకుంటేనే మనసు చివుక్కుమంటుంది. నాలుగుసార్లు గడప దాకా వచ్చి ఆగిపోయిందన్నమాట.

సరిగ్గా ఆ నెలల్లోనే ఇక్కడ మిరప చేలల్లో నల్ల తామర పురుగు పడింది. అంతకుముందు ఏడాది గుంటూరు చుట్టుపక్కల అక్కడక్కడా కనిపించిన పురుగు అది. 2021 చివరికి పల్నాడు, ప్రకాశం, కృష్ణా, ఖమ్మం దాకా పాకింది. మామూలు తామర పురుగు ఆకు అడుగున ఉంటే, ఇది పువ్వులోకి దూరుతుంది. పూరేకులను గోకి రసం పీలుస్తుంది. పూత పూతగానే రాలిపోతుంది. చేను పచ్చగా నిలబడే ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. మందుల దుకాణాల్లో ఏ కొత్త డబ్బా కనపడితే ఆ డబ్బా తెచ్చి కొట్టారు. ఒకదాని కంటే ఒకటి ఖరీదు. దేనికీ పురుగు లొంగలేదు. ఎకరానికి లక్షకు పైగా పెట్టిన రైతులు, కౌలుకు తీసుకున్నవాళ్లు, తమ చేతులతోనే మొక్కలు పీకి గట్టున పడేశారు. ట్రాక్టరు పెట్టి దున్నించారు.

ఈ రెంటినీ ఒక గాటన కట్టకూడదు. చేను పోతే మిగిలేది అప్పు, పిల్ల పెళ్లి వాయిదా, కొన్ని ఇళ్లలో అంతకంటే ఘోరం. ఆట పోతే ఆ రాత్రికి నిద్ర పాడవుతుంది. ఆ తేడా ఈ ఊళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే పోయిన ఏడాదిని ఎలా చూడాలో కూడా ఈ ఊళ్లకు బాగా తెలుసు. ఆ తర్వాతి ఏడాది రైతులు మళ్లీ నారు పోశారు. ఈసారి లాం ఫారం వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పిన చిన్న చిన్న పనులు మొదలుపెట్టారు. చేలో నీలిరంగు జిగురు అట్టలు, చుట్టూ జొన్న, మొక్కజొన్న వరసలు, యూరియా మోతాదు తగ్గించడం, ఒకే మందు వరసపెట్టి కొట్టకుండా మార్చి మార్చి కొట్టడం. ఇవేవీ విడిగా పెద్ద మందులు కావు. అన్నీ కలిస్తే చేను నిలబడింది. పురుగు పూర్తిగా పోలేదు, పోదు కూడా. దానితో వేగడం నేర్చుకున్నారు.

టైటన్స్ మాత్రం ఖరీదైన ఒక్క మందునే నమ్ముకుంది.

2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి భారత్ కబడ్డీ స్వర్ణం గెలిచింది. ఆ జట్టు కెప్టెన్ పవన్ సెహ్రావత్. రెండు రోజుల తర్వాత ముంబయి వేలంలో టైటన్స్ అతన్ని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు పాడుకుంది. లీగ్‌లో అప్పటికి అంత ధర ఎవరికీ పలకలేదు. ఒక్కో జట్టు ఆ ఏడాది ఆటగాళ్ల మీద పెట్టగలిగిన మొత్తం 5 కోట్లు. అందులో సగానికి పైగా ఒక్క మనిషికే పోయింది. మన ఊళ్లలో ఆ రోజు సంబరం ఇంతా అంతా కాదు. దేశంలోకెల్లా గొప్ప ఆటగాడు మన జట్టులోకి వచ్చాడన్న ఆనందాన్ని తప్పు పట్టలేం.

కానీ అంతకుముందు ఏడాదే ఒక పాఠం అందరి కళ్ల ముందూ జరిగింది. 2022లో ఇదే పవన్‌ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొంది. మొదటి మ్యాచ్‌లోనే అతని మోకాలికి గాయమైంది, సీజన్ మొత్తం దూరమయ్యాడు. జట్టు పని అయిపోయిందనుకున్నారు. నరేందర్ అనే కొత్త కుర్రాడు కూతలు భుజాన వేసుకున్నాడు. మిగతావాళ్లు తలా ఒక చేయి వేశారు. అంతవరకూ ఎన్నడూ ప్లేఆఫ్ ముఖం చూడని తలైవాస్ ఆ ఏడు సెమీఫైనల్‌కు వెళ్లింది. పవన్ లేకుండా ఒక జట్టు పైకి లేచింది. పవన్‌తో మరో జట్టు అడుగున ఉండిపోయింది. ఇందులో పవన్ తప్పేమీ లేదు. పదో సీజన్‌లోనూ అతను తన వంతుకు మించే ఆడాడు.

అది ఎందుకలా జరిగిందో కబడ్డీ నిబంధనల్లోనే ఉంది. క్రికెట్‌లో గొప్ప బ్యాటర్ ఒక్కడు నిలబడి మ్యాచ్ గెలిపించగలడు. కబడ్డీలో గొప్ప రైడర్ దొరికిపోతే బయటికి వెళ్లి కూర్చోవాలి. మళ్లీ లోపలికి రావాలంటే అతని చేతుల్లో ఏమీ ఉండదు. జట్టులో ఇంకెవరైనా ఎదుటివాళ్లలో ఒకరిని తాకి రావాలి, లేదా ఎదుటి రైడర్‌ను పట్టి ఆపాలి. ఒక్కో పాయింటుకు ఒక్కొక్కరే బతికి వస్తారు. అదీ ఔటైన వరసలోనే. అతని కంటే ముందు ఇద్దరు ఔటై కూర్చుని ఉంటే, మూడో పాయింటుకు గానీ అతని వంతు రాదు. ఈలోగా లోపలున్నవాళ్లు ఒక్కొక్కరూ పోతే ఆలౌట్, ఎదుటి జట్టుకు అదనంగా 2 పాయింట్లు.

ఆ సీజన్ టైటన్స్ మ్యాచ్‌లు చూసినవాళ్లకు బెంచీ మీద పవన్ గుర్తుండే ఉంటాడు. మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, ముందుకు వంగి కూర్చుని ఉంటాడు. లోపల ముగ్గురే మిగిలారు. కూతకు వెళ్లిన కుర్రాడు ముప్పై సెకన్లూ మధ్య గీతకు దగ్గర్లోనే తచ్చాడి ఉత్త చేతులతో తిరిగొస్తాడు. తాకబోతే దొరికిపోతానన్న భయం అది. అటువైపు రైడర్ వస్తాడు, మూల కాపు ఉన్నవాడు తొందరపడి కాలికి దూకుతాడు, పట్టు జారుతుంది. ఇంకొకడు పోతాడు. 2 కోట్ల 60 లక్షల మనిషి లేచి నిలబడతాడు, గీత బయట నుంచే ఏదో అరుస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. దేశంలో అందరికంటే ఖరీదైన ఆటగాడి రాకపోకలు ఆ జట్టులో అందరికంటే చవకగా వచ్చిన కుర్రాడి పట్టు మీద ఆధారపడి ఉన్నాయి. ఆ పట్టు నేర్పడానికి సరిపడా డబ్బూ ఓపికా ఆ ఏడు మిగల్లేదు.

వేలంలో పెద్ద మొత్తం పెట్టడమే తప్పా అంటే, కాదు. అదే వేలంలో పుణేరి పల్టన్ ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూ మీద 2 కోట్ల 35 లక్షలు పెట్టింది. 2024 మార్చి 1న కప్పు ఎత్తుకుంది. తేడా ఎక్కడుందంటే, పుణే జట్టుకు అప్పటికే ఇంటి పంట ఉంది. మహారాష్ట్ర కుర్రాడు అస్లాం ఇనాందార్ కెప్టెన్. అతనూ, మోహిత్ గోయత్, ఆకాశ్ షిండే, పంకజ్ మోహితే ఏళ్ల తరబడి ఒకరి అడుగు ఒకరికి తెలిసేలా కలిసి ఆడుతున్నారు. షాద్లూ వచ్చి చేరింది అలాంటి జట్టులో. టైటన్స్‌లో పవన్ వచ్చి చేరడానికి జట్టే లేదు.

ఆ ఫైనల్ జరిగింది గచ్చిబౌలిలో. ప్లేఆఫ్‌లన్నీ హైదరాబాదులోనే పెట్టారు. చివరి స్థానంలో నిలిచిన జట్టు సొంత మైదానంలో పుణే, హర్యానా కప్పు కోసం తలపడుతుంటే, మన జనం టికెట్టు కొనుక్కుని వెళ్లి రెండు జట్లకూ చప్పట్లు కొట్టారు. ఆట మీద ప్రేమ అంటే అది. ఆ చలికాలం తెలుగు నేలకు ఏదీ కలిసిరాలేదు. 2023 డిసెంబరు 2న అహ్మదాబాదులో తొలి మ్యాచ్‌లోనే టైటన్స్ గుజరాత్ చేతిలో 38-32తో ఓడింది. మూడు రోజులకు మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి వరి, మిరప, పొగాకును ముంచింది. రెండేళ్ల కిందటే ఐఎస్‌ఎల్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు, జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయి, ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లకు 1 గెలిచి అడుగున మిగిలింది.

అదే చలికాలంలో మనవాళ్లు మరో ఓటమిని కూడా చూశారు, ఏడు సముద్రాల అవతల. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్లలో గుంటూరు, ప్రకాశం నుంచి వెళ్లిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. కార్ల కంపెనీల్లో, వాటికి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల్లో పనిచేస్తారు. 2025 జులైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు జరిగింది నోవైలోనే. ఆ పిల్లలు పెరిగేది బాస్కెట్‌బాల్‌తో. వాళ్ల జట్టు డెట్రాయిట్ పిస్టన్స్ మూడుసార్లు ఎన్‌బీఏ గెలిచిన జట్టు, చివరిసారి 2004లో. అలాంటిది 2023 అక్టోబరు చివర్లో మొదలుపెట్టి డిసెంబరు 28 దాకా వరసగా 28 మ్యాచ్‌లు ఓడింది. ఒకే సీజన్‌లో అన్ని ఓటములు వరసగా ఎన్‌బీఏలో ఇంకే జట్టూ ఓడలేదు. జట్టును అమ్మేయమని ప్రేక్షకులు స్టేడియంలోనే కేకలు వేశారు. డిసెంబరు 30న టొరంటో మీద 2 పాయింట్ల తేడాతో గెలిచినప్పుడు అదే జనం కప్పు గెలిచినంత గోల చేశారు. 82 మ్యాచ్‌ల ఆ సీజన్‌లో మొత్తం గెలుపులు 14.

ఎన్‌బీఏలో ఓడినవాళ్లకు ఒక ఆసరా ఉంది. అడుగున నిలిచిన జట్లకు మరుసటి ఏడాది కొత్త కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. పిస్టన్స్‌కు అదీ పూర్తిగా కలిసిరాలేదు, లాటరీలో ఐదో ఎంపికే దక్కింది. కోచ్‌ను మార్చారు, మేనేజరును మార్చారు. కేడ్ కనింగ్‌హమ్ చుట్టూ అప్పటికే ఎదుగుతున్న కుర్రాళ్లను మాత్రం చెదరగొట్టలేదు. వాళ్లకు కాస్త అనుభవమున్న షూటర్లను జతచేశారు. మరుసటి సీజన్‌లో 44 గెలిచి ప్లేఆఫ్‌కు వెళ్లింది. మన డెక్కన్ చార్జర్స్‌నూ గుర్తు చేసుకోవచ్చు. 2008 మొదటి ఐపీఎల్‌లో 14 మ్యాచ్‌లకు 2 గెలిచి అడుగున నిలిచి, 2009లో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది.

టైటన్స్ కూడా తేరుకుంది. 2024 పదకొండో సీజన్‌లో కృష్ణకుమార్ హుడా కోచ్‌గా వచ్చాక జట్టు ఓటముల కంటే గెలుపులు ఎక్కువ చూసింది. పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైనా విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్ లాగారు. ఆ సీజన్‌లో ఆరు జట్లకే ప్లేఆఫ్, టైటన్స్ ఏడోది. ఆ ఏడో స్థానం ఎంత బాధపెట్టిందో, అంతకు మించి ధైర్యం ఇచ్చింది. 2025లో పవన్ వేరే జట్టుకు వెళ్లిపోయాడు. విజయ్ మాలిక్ కెప్టెన్సీలో, పెద్ద పేర్లు లేకుండానే, టైటన్స్ చివరి మూడు జట్ల దాకా వచ్చి, ఫైనల్‌కు ఒక్క అడుగు దూరంలో పుణే చేతిలో ఓడింది. పట్టికలో అది ఓటమే. అయినా 66కు 5 చూసిన కళ్లకు అది ఎంత దూరమో తెలుసు. జట్టుకు మంచిరోజులు వచ్చే వేళకు ఇక్కడ మిర్చి ధర పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసేదాకా గుంటూరు మిర్చి యార్డు ముందు రైతుల ఆందోళన సాగింది. ఆటకూ చేనుకూ ఏ ఏడాదీ జోడీ కుదరలేదు.

ఈ తేరుకోవడంలో ఒక్కటే వెలితి. జట్టు పేరులో తెలుగు ఉంది. చొక్కా వెనక ఉన్న పేర్లు చూస్తే హర్యానా, ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర కనపడతాయి. పదకొండేళ్లుగా ఈ జట్టుకు ఆడిన తెలుగు కుర్రాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బయటివాళ్లు ఆడకూడదని కాదు. రాహుల్ చౌదరి ఎక్కడివాడని ఏ కల్లంలోనూ ఎవరూ అడగలేదు, అడగరు కూడా. కానీ ఓడిన ఏడాది తర్వాత నిలబడటానికి ప్రతి జట్టుకూ సొంత నారుమడి ఉండాలి. పుణేకు ఉంది. హర్యానాకైతే ఊరూరా ఉంది, అక్కడ పదేళ్ల పిల్లలు మ్యాట్ మీద బూట్లు వేసుకుని ఆడతారు, రైల్వేలో, సర్వీసెస్‌లో ఉద్యోగాలు ఆ ఆటకే వస్తాయి.

మనకు నారు లేక కాదు. సంక్రాంతికి, శ్రీరామనవమికి, ఊరి తిరునాళ్లకు పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కబడ్డీ పోటీలు జరగని మండలం ఉండదు. బడి మైదానంలో నీళ్లు చల్లి, ముగ్గుతో గీతలు గీసి, నాలుగు మూలలా లైట్లు కడతారు. మైకులో దాతల పేర్లు చదువుతూనే ఉంటారు. అవతల ఎడ్ల బండలాగుడు పందెం నడుస్తుంటే ఇవతల రాత్రి రెండింటి దాకా చెడుగుడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు కూతకెళ్లి ముగ్గురిని ఈడ్చుకుంటూ గీత దాటుతాడు, ఊరు ఊరంతా లేచి నిలబడుతుంది. కాలివేళ్లతో మట్టిని కరిచి పట్టుకునే ఆట అది. ఆ కుర్రాడినే మ్యాట్ మీద బూట్లు వేసి నిలబెడితే మలుపు తిరిగేటప్పుడు కాలు తడబడుతుంది. రెండు మూడు నెలల సాధనతో పోయే తడబాటే. ఆ రెండు మూడు నెలలకు మ్యాట్ ఎక్కడుంది? ఇంటర్ అయ్యాక అతను గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు మోయడానికో, హైదరాబాదులో డెలివరీ బైకు మీదికో వెళతాడు. ముప్పై ఏళ్లకు సంక్రాంతికి ఊరొచ్చి, పక్కవాళ్లు అడిగితే మోకాలి మచ్చ చూపిస్తాడు. గురుకులాల్లో అంతే బాగా ఆడే ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు, పదో తరగతితో వాళ్ల ఆట ఆగిపోతుంది.

2023 డిసెంబరు 26న గుంటూరు పక్కన నల్లపాడులో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన 'ఆడుదాం ఆంధ్రా' మొదలైంది. సచివాలయం స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా కబడ్డీ సహా ఐదు ఆటల్లో పోటీలు పెట్టారు. దాని చుట్టూ ఎన్ని వాదాలున్నా, ఊరి కుర్రాడు జెర్సీ వేసుకుని జిల్లా కేంద్రంలో ఆడటం చాలాచోట్ల అదే మొదటిసారి. పోటీలు అయిపోయాయి, జెర్సీలు మిగిలాయి. ఏడాది పొడవునా నేర్పేవాళ్లు లేకుండా నెలన్నర పోటీలతో ఆటగాడు తయారుకాడు. ఈ మాట ఏ ప్రభుత్వానికైనా వర్తిస్తుంది.

2010లో వచ్చిన 'భీమిలి కబడ్డీ జట్టు' సినిమా ఎప్పుడూ గెలవని ఒక ఊరి జట్టు కథ. టీవీలో ఎప్పుడొచ్చినా మన ఇళ్లలో ఇప్పటికీ చూస్తారు. ఓడినవాళ్లను ప్రేమించడం మనకు కొత్త కాదు. అయితే ప్రేమతోపాటు అడగడం కూడా నేర్చుకోవాలి. ఓడిన ఏడాది పవన్‌ను నోటికొచ్చినట్టు తిట్టినవాళ్లున్నారు. గెలిచిన మర్నాడు విజయ్ మాలిక్‌ను నెత్తిన పెట్టుకున్నవాళ్లూ వాళ్లే. ఆ గొంతులే యాజమాన్యాన్ని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. మా ఊరి కుర్రాడిని ఎప్పుడు చూడటానికి వస్తారు?

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ప్రతి నియోజకవర్గంలో ఒక జూనియర్ కళాశాలకో ఉన్నత పాఠశాలకో కబడ్డీ మ్యాట్, నేర్పడానికి జీతమిచ్చి ఒక కోచ్. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) తలచుకుంటే అవుతుంది. తిరునాళ్లకు లక్షలు ఖర్చుపెట్టే దాతలు, ప్రవాసంలో ఉన్న ఊరివాళ్లు చేయి కలిపితే ఇంకా తొందరగా అవుతుంది. లీగ్‌లో ప్రతి జట్టుకూ కొత్త యువ ఆటగాళ్లను తీసుకునే వీలుంది. వచ్చే సంక్రాంతికి టైటన్స్ తన శిక్షకులను ఇద్దరిని గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం ఊళ్ల పోటీలకు పంపాలి. ఊరికి ఒక్క కుర్రాడిని గుర్తుపెట్టుకున్నా చాలు, మ్యాట్ మీద సాధనకు పిలవాలి. ఆ పిలుపు వచ్చేదాకా ప్రతి పోటీ నిర్వాహకుడూ యాజమాన్యానికి ఒక ఆహ్వానం పంపుతూనే ఉండాలి.